అరిగిన బర్నరు ఖరీదు

ఏడాది పొడవునా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. దేశంలో బాగా తక్కువ వాన చూసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అందుకే నీళ్ల లెక్క ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. బోరు ఎన్ని అడుగుల్లో పడిందో, ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. వంటచెరకు లెక్క కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. వాన తక్కువైతే చెట్టు తక్కువ, చెట్టు తక్కువైతే కట్టె తక్కువ. రాయదుర్గం వైపు, మడకశిర వైపు, కదిరి వైపు ఆడవాళ్లు ముళ్లకంప కొట్టి, నెత్తిన మోపు పెట్టుకుని మైళ్లు నడిచేవాళ్లు. కందికట్టె, చెనక్కాయ పొట్టు, పిడకలు, ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయేది. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో పోతోంది. ఆ మోపు దించడానికే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాల మహిళలకు వంటగ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో అలాంటిదే ఉజ్జ్వల పథకం మొదలై దేశమంతా విస్తరించింది. 2024 దీపావళి నుంచి దీపం-2 కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా అందుతున్నాయి. ఇన్ని పథకాలూ లెక్కపెట్టింది కనెక్షన్లను, సిలిండర్లను. ఆ సిలిండరులోని గ్యాసు ఎంతవరకు వేడిగా మారి గిన్నెకు చేరుతోందో తేల్చేది మాత్రం స్టవ్వు మీద కూర్చున్న అరచేతిలో పట్టేంత లోహపు ముక్క, అంటే బర్నరు. అది అరిగిపోయే వస్తువు. అరిగినప్పుడు గుర్తించి మార్చడం ఇంటి ఖర్చుకూ, ఇంట్లోవాళ్ల ఊపిరికీ సంబంధించిన పని. ఈ పనిని మనం ఇంతవరకు ఎవరి బాధ్యతగానూ చూడలేదు. ఇవాళ్టి నా ప్రసంగం దాని గురించే.

బర్నరు ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. సిలిండరు నుంచి రెగ్యులేటరు దాటి తక్కువ పీడనంతో వచ్చిన గ్యాసు, స్టవ్వు నాబు వెనక ఉన్న జెట్టు అనే సన్నటి రంధ్రంలోంచి వేగంగా దూసుకొస్తుంది. ఆ వేగమే చుట్టూ ఉన్న గాలిని తనతో పాటు గొట్టంలోకి లాక్కుపోతుంది. గొట్టంలో రెండూ కలిసి, పైనున్న బర్నరు రంధ్రాల్లోంచి బయటికొచ్చి మండుతాయి. గిన్నె కింద గాలి మిగతా లోటు తీరుస్తుంది. ఎల్పీజీ పూర్తిగా కాలాలంటే ఒక పాలు గ్యాసుకు పాతిక నుంచి ముప్పై పాళ్ల దాకా గాలి కావాలి. అంటే స్టవ్వులో మండేది గ్యాసు ఒక్కటే అనుకోవడం పొరపాటు, అక్కడ గ్యాసు కంటే గాలి పనే ఎక్కువ. ఈ కొలతను ప్రధానంగా రెండు నిర్ణయిస్తాయి: జెట్టు రంధ్రం సైజు, బర్నరు రంధ్రాల సైజు. ఆ రెండింటికీ ఉన్న పొందిక చెడితే మంట చెడుతుంది. లోపల కదిలే మరలు లేవు, తిరిగే చక్రాలు లేవు కాబట్టి స్టవ్వు పాడవదని చాలామంది నమ్మకం. కదలకపోయినా అది రోజుకు రెండు మూడు పూటలు ఎర్రటి వేడికీ, ఉప్పు నీళ్లకూ మధ్య నలిగే వస్తువని మరిచిపోతాం.

మన వంటే తీసుకోండి. రాగి సంగటికి ఎసరు తెర్లుతుంటే బియ్యం గంజి పొంగుతుంది. ఉప్పేసిన పప్పు పొంగుతుంది, పాలు పొంగుతాయి. పొంగినదంతా బర్నరు రంధ్రాల్లోకి దిగి, వేడికి మాడి గట్టి పెచ్చుగా అతుక్కుంటుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనమున్నవి, గట్టివి. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే ఆ లవణాలు పొంగిన నీళ్లతో బర్నరు మీదికీ దిగుతాయి. ఉప్పు, తేమ, వేడి మూడూ కలిస్తే బర్నరు లోహం తినుకుపోతుంది. కొన్ని రంధ్రాలు మూసుకుపోతాయి, కొన్ని అంచులు తినుకుపోయి వెడల్పవుతాయి, బర్నరు పైభాగమైన ఇత్తడి తల కూర్చునే చోట అంచు వంకరపోయి సందు పడుతుంది. ఇది చాలదన్నట్టు మన గాలి ఒకటి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢ శ్రావణాల్లో ఈ మెట్ట మీద వీచే గాలికి వేదవతి ఇసుక కణేకల్లు, బొమ్మనహాళు పొలాల మీదికి దిబ్బలుగా వచ్చి పడుతోంది. ఆ గాలిలోని ధూళి వంటింటి కిటికీ దగ్గర ఆగిపోదు. స్టవ్వు కింద గాలి పీల్చే సందుల్లో పేరుకుంటుంది. కొన్నాళ్లు వాడని పొయ్యి గొట్టంలో సాలీడు గూడు కట్టిందంటే గాలి దారే మూసుకుపోతుంది.

ఈ అరుగుదల ఒక్కో తీరుగా బయటపడుతుంది. ఏ తీరుగా బయటపడిందో చూస్తే రోగం ఎక్కడుందో చెప్పవచ్చు. రంధ్రాలు మూసుకుపోయినా, జెట్టు వెడల్పయినా గ్యాసుకు తగినంత గాలి కలవదు. అప్పుడు నీలిమంట కొసలు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పసుపు కాలకుండా మిగిలిపోయిన బొగ్గు రేణువులు వేడికి మెరవడం వల్ల వచ్చే రంగు. అవే పోయి గిన్నె అడుగున మసిగా కూర్చుంటాయి. కొత్త గ్యాసు స్టవ్వు మీద బోకులు నల్లబడవు, నల్లబడుతున్నాయంటే సాక్ష్యం చేతికి అంటుకున్నట్టే. బర్నరు రంధ్రాలు తినుకుపోయి వెడల్పయితే కథ వేరు. గ్యాసూ గాలీ కలిసిన మిశ్రమం నెమ్మదిగా బయటికొస్తుంది కాబట్టి, మంట సన్నం చేసినప్పుడో, ఆర్పినప్పుడో నిప్పు వెనక్కి గొట్టంలోకి దూకుతుంది. టప్పుమని చప్పుడొస్తుంది. తల సరిగా కూర్చోకపోతే పక్కసందులోంచి, అడుగునుంచి మంట నాలుకలు చాపుతుంది. ఈ చివరి రెండింటిలో ఏది కనబడినా ఆ బర్నరును ఒక్కపూట కూడా వాడకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నారింజ రంగు కనిపించిన ప్రతిసారీ బర్నరును తప్పు పట్టకూడదు. అప్పుడే కసువు ఊడ్చి ఉంటే, ధూళి మంటలో పడి నారింజ మెరుపులు మెరుస్తాయి. ఉప్పు చిందినా అంతే, వేడికి సోడియం ఇచ్చే రంగు అది. కాసేపటికి తగ్గిపోతుంది. సిలిండరు అయిపోవచ్చినప్పుడు కూడా మంట కొంచెం పచ్చబడవచ్చు, ఎందుకంటే ఎల్పీజీలోని ప్రొపేను ముందుగా ఆవిరై పోయి, ఎక్కువ గాలి అడిగే బ్యూటేను అడుగున మిగులుతుంది. కాబట్టి తీర్పు చెప్పే ముందు సిలిండరు సగం ఉన్నప్పుడు, గాలి ఆడని సమయంలో, గిన్నె తీసేసి మంట చూడండి. అప్పుడు కూడా పసుపు కొసలు నిలిచి ఉంటే బర్నరు సంగతి చూడాల్సిందే.

ఇందువల్ల ఎంత నష్టం? వంట ఎట్లాగూ అవుతోంది కదా అనేవాళ్లున్నారు. అవుతుంది, నిజమే. కానీ ఎంత గ్యాసుతో అవుతోంది? ఇంటి గ్యాసు స్టవ్వులకు భారతీయ ప్రమాణం ఒకటుంది. గ్యాసులోని వేడిలో కనీసం నూటికి 68 పాళ్లు గిన్నెకు చేరాలని అది చెబుతుంది. మంచి స్టవ్వులోనే నూటికి ముప్పై పాళ్లు పక్కలకు పోతాయన్నమాట. ఇప్పుడు ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. అరుగుదల వల్ల ఆ 68 కాస్తా 60కి దిగిందనుకోండి. ఒక సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. బాగున్న బర్నరు అదే వంటను పన్నెండున్నర కిలోలతోనే చేసేది. అంటే సిలిండరుకు కిలోన్నర దాటి వృథా. దీపం-2 కింద వచ్చే మూడు సిలిండర్లకు కలిపితే ఐదు కిలోలు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన దాంట్లో ఒక సిలిండరులో మూడోవంతు పైగా, ఇంటావిడకు తెలియకుండా, ఆమె వంటింటి గోడకే వేడిగా, మసిగా పోతోంది. మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతి సరుకు. గల్ఫు నుంచి ఓడెక్కి, రేవు దిగి, లారీల మీద ఘాట్లు దాటి కళ్యాణదుర్గం దాకా వచ్చిన గ్యాసు చివరి అడుగులో, పొయ్యికీ గిన్నెకూ మధ్య ఉన్న జానెడు చోటులో, వృథా కావడం నన్ను నిజంగా బాధించే విషయం.

డబ్బు కంటే పెద్దది ఊపిరి. పూర్తిగా కాలని గ్యాసు కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలికి మంట ఆరిపోతుందని కిటికీ మూసి, తలుపు దగ్గరేసి వండే అలవాటు మన దగ్గర ఉంది. అలాంటి వంటింట్లో పసుపు మంట ముందు గంటల తరబడి నిలబడేది ఎవరో చెప్పక్కర్లేదు. ఇళ్లలోని పొగ, మసి వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ప్రధాన పాత్ర కట్టెలది, పిడకలది, బొగ్గుది, కిరసనాయిలుది. అరిగిన బర్నరున్న గ్యాసు స్టవ్వు కూడా కట్టెల పొయ్యి కంటే ఎంతో మేలు. నా మాట విని ఎవరూ భయపడి కంపకట్టెల వైపు మళ్లవద్దు. కానీ ఆ పొగ నుంచి తప్పించడానికే ఇంత ఖర్చుపెట్టి గ్యాసు ఇచ్చాక, అందులో కొంత పొగను వెనక దారిన మళ్లీ ఇంట్లోకి రానివ్వడం ఎందుకు?

దీనికి వచ్చే మొదటి జవాబు, పిన్నుతో పొడిచి శుభ్రం చేసుకుంటాం, మార్చడమెందుకు అని. శుభ్రం చేయడం మంచిదే. వారానికోసారి చల్లారిన బర్నరును తీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానేసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టి పెడితే దాని ఆయుష్షు పెరుగుతుంది. పిన్నుతోనే చిక్కు. ఇత్తడి మెత్తటి లోహం. సూదితో, మేకుతో గెలికిన ప్రతిసారీ రంధ్రం కొంచెం పెరుగుతుంది. జెట్టు విషయంలో ఇది మరీ ప్రమాదం. రంధ్రం అడ్డుకొలత పదిశాతం పెరిగితే, దాని వైశాల్యం ఇరవైఒక్క శాతం పెరుగుతుంది. గ్యాసు ఆ మేరకు ఎక్కువ పోతుంది, గాలి ఆ మేరకు పెరగదు. శుభ్రం చేశాక మంట పెద్దదైందని సంతోషిస్తాం, కానీ ఆ పెద్ద మంట పసుపు మంట. మూసుకుపోయిన రంధ్రాన్ని కడిగి తెరవగలం, వెడల్పయిన రంధ్రాన్ని కడిగి చిన్నది చేయలేం. కడగడానికీ మార్చడానికీ మధ్య గీత అక్కడుంది.

రెండో అభ్యంతరం ఖర్చుది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కరువు మండలంలో కూలి దొరకని వారాలుంటాయి. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది ఇత్తడి బర్నరు కొనమని చెప్పడం సులువు కాదు. అయినా పాత లెక్క ఒకటి గుర్తు చేస్తాను. కర్రు అరిగిన నాగలిని మన రైతు ఎన్నడూ పారేయలేదు, మొండి కర్రుతో దున్నుతూ ఎద్దులనూ చంపుకోలేదు. ఏరువాకకు ముందు కమ్మరి కొలిమికి పంపి సాగగొట్టించేవాడు, అరిగిపోతే కొత్త కర్రు వేయించేవాడు. కమ్మరికి ఏటా ఇచ్చే గింజలు సేద్యం ఖర్చులో భాగం. బర్నరు కూడా అట్లా పొయ్యి ఖర్చులో భాగం కావాలి. జత బర్నర్ల ధర వందల్లోనే తేలుతుంది, కొన్నేళ్లు నిలుస్తుంది. ఇందాకటి లెక్క ప్రకారం ఏడాదికి ఐదు కిలోల గ్యాసు మిగిలితే ఆ డబ్బు ఎంత త్వరగా తిరిగొస్తుందో ఎవరికి వారు గుణించుకోవచ్చు. పైగా పాత ఇత్తడిని తూకానికి అమ్ముకోవచ్చు.

స్టవ్వే మార్చేస్తే పోలేదా, ఇండక్షన్ కొనుక్కుంటే పోలేదా అనే మాట పట్నంలో ఎక్కువగా వినిపిస్తుంది. గొట్టమే తుప్పు పట్టి చిల్లులు పడితే, నాబులు వదులై గ్యాసు కారుతుంటే స్టవ్వు మార్చాల్సిందే. మిగతా సందర్భాల్లో చట్రం, గొట్టం, నాబులు బాగుండగా బర్నరు కోసం స్టవ్వంతా పారేయడం దండగ. ఇండక్షన్ మంచి పొయ్యే, కరెంటు నిలకడగా ఉన్న ఇంట్లో పాలు కాచడానికి, అన్నం వండడానికి పనికొస్తుంది. కానీ దానికి అడుగు చదునుగా ఉన్న ఇనుప జాతి పాత్రలే కావాలి. మన ఇళ్లలో సంగటి గెలికే అల్యూమినియం తపేలా దాని మీద వేడెక్కదు. జొన్నరొట్టెను పెనం మీంచి తీసి నేరుగా మంట మీద పొంగించడం కుదరదు. గ్యాసు మంట మన వంటింట్లో ఇంకా చాలాకాలం ఉంటుంది, ఉన్నన్నాళ్లూ దాన్ని నీలంగా ఉంచుకోవాలి.

సరే, మారుద్దామనుకుంటే దేన్ని కొనాలి? ఇక్కడ బజారులో మోసం కొంత, తెలియనితనం కొంత ఉన్నాయి. పసుపు పూత పూసిన ఇనుము ఇత్తడిగా చలామణి అవుతుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అసలైన ఇత్తడికి అది అంటుకోదు. అల్యూమినియానికీ అంటుకోదు కాబట్టి బరువు కూడా చూడాలి. ఇత్తడి చేతిలో బరువుగా కూర్చుంటుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగే లోహం, ఇత్తడి 900 దాటితే గాని కరగదు, తేడా అక్కడే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత బర్నరును వెంట తీసుకుపోయి దానితో పోల్చి కొనడం. చిన్నదీ పెద్దదీ అడుగు కొలతలు వేరు, ఒక కంపెనీదానికీ మరొకదానికీ వేరు. వీలైతే ఆ స్టవ్వు చేసిన కంపెనీ భాగమే తీసుకోవాలి. ఇంటికి తెచ్చి పెట్టినప్పుడు ఊగకుండా, చుట్టూ సందు లేకుండా కూర్చోవాలి. మరో సంగతి: పైపు గ్యాసు వచ్చిన కాలనీల్లో ఎల్పీజీ జెట్టుతో స్టవ్వు వాడకూడదు, సహజవాయువుకు పెద్ద రంధ్రం కావాలి. గోబర్ గ్యాసుకైతే బర్నరే పూర్తిగా వేరు. మన సరిహద్దు దాటితే వచ్చే బాగేపల్లి ప్రాంతంలో కూలీ సంఘం వేల ఇళ్లకు గోబర్ గ్యాసు పెట్టించింది. అలాంటి ఇళ్లకు ఎల్పీజీ స్టవ్వు తెచ్చి తగిలిస్తే మంట నిలవదు.

హోటళ్ల వాళ్లకు కూడా ఒక్క మాట. గుత్తి నుంచి పెనుకొండ దాకా జాతీయ రహదారి వెంట ఎన్ని దాబాలు, ఎన్ని ఉగ్గాని బండ్లు! దోసె పెనం కింద పొడుగాటి పైపు బర్నరు ఉంటుంది. వరుసగా ఉన్న దాని రంధ్రాలు తుప్పు పట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతే, పెనం ఒకవైపు మాడి మరోవైపు చల్లబడుతుంది. చాలామంది అప్పుడు మంట పెంచుతారు. మార్చాల్సింది పైపును.

చివరి అభ్యంతరమే నా దృష్టిలో అసలైనది. ఇదంతా పల్లెలో ఎవరు చూస్తారు? నిజమే, మరమ్మతుకారుడు పట్నంలో ఉంటాడు, స్టవ్వు మోసుకుని బస్సెక్కి పోవడం కూలి పోగొట్టుకోవడమే. కానీ దారి లేకపోలేదు. రబ్బరు గొట్టాన్ని, అదే సురక్ష పైపును, ఐదేళ్లకోసారి మార్చాలన్న నియమం ఇప్పటికే అందరూ ఒప్పుకున్నదే. ఇంటి కనెక్షన్‌ను ఐదేళ్లకోసారి తనిఖీ చేయాలన్న నియమం కూడా ఉంది. ఆ తనిఖీకి వచ్చినవాళ్లు స్టవ్వు వెలిగించి మంట రంగు చూడాలి, బర్నరు తల ఎత్తి అంచు చూడాలి, చూసింది కాగితం మీద రాయాలి. దీపం కనెక్షన్లు ఇచ్చింది మహిళా సంఘాల ద్వారా. అవే సంఘాలు ప్రతి మండల కేంద్రంలో నాలుగైదు రకాల బర్నర్లను, జెట్లను నిల్వ పెట్టి, ఒకరిద్దరు సభ్యులకు పని నేర్పిస్తే ఊళ్లోనే పని జరుగుతుంది, వాళ్లకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. ఐటీఐలో చదివే పిల్లలకు ఇది కొద్ది రోజుల్లో పట్టుబడే విద్య. మూడు సిలిండర్ల సబ్సిడీకి అయ్యే ఖర్చు పక్కన బర్నరు మీద సబ్సిడీ ఎంత చిన్నదో ఆర్థిక శాఖ ఒకసారి లెక్క వేసి చూడాలని నేను గట్టిగా కోరుతున్నాను.

అంతవరకు ఇంట్లో మీరు చేసుకోగలిగింది ఇది. రెగ్యులేటరు కట్టేసి, స్టవ్వు పూర్తిగా చల్లారాక పాత తల ఎత్తి, గొట్టం మూతిలో ధూళి, గూళ్లు లేకుండా తుడిచి, కొత్త తలను సరిగా కూర్చోబెట్టండి. వెలిగించి, మంట చుట్టూ సమానంగా, నీలంగా ఉందో లేదో చూడండి. ఇంతవరకే మీ పని. జెట్టు విప్పడం, నాబు లోపలి వాల్వుకు గ్రీజు పెట్టడం, రబ్బరు గొట్టం మార్చడం తెలిసిన మెకానిక్ చేయాలి. గ్యాసు కారుతోందేమోనని అనుమానం వస్తే కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి, అగ్గిపుల్ల గీసి చూడకూడదు. గుప్పున వాసన వస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, కరెంటు స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి రండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేలమీదే పారుతుంది కాబట్టి గడప వైపు తలుపు తెరవడం ముఖ్యం. బయటికొచ్చాక ఫోన్ చేయాల్సిన అత్యవసర నంబరు 1906. రాసుకోని వాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను, ఒకటి, తొమ్మిది, సున్నా, ఆరు.